తలుపు మూసేముందు

పదేళ్ల కిందటి మాట. ఇంటర్ ఫలితాలు వచ్చే రోజు. ఆ ఫలితాలు చూపించే వెబ్‌సైట్లలో ఒకదాన్ని పడిపోకుండా నిలబెట్టడం హైదరాబాద్‌లో మేం నలుగురం చేసే పని. ఉదయం పదకొండింటికి ఫలితాలు విడుదలయ్యాయి. నాలుగు నిమిషాల్లో సర్వర్లు మొరాయించడం మొదలుపెట్టాయి. తెరమీద చూస్తే ఒకే ఐపీ చిరునామా నుంచి సెకనుకి వందల అభ్యర్థనలు వచ్చిపడుతున్నాయి. ఎవరో పనిగట్టుకుని సైటుని పడగొడుతున్నారనుకుని ఆ చిరునామాని బ్లాక్ చేశాను. సర్వర్లు తేరుకున్నాయి. పక్క సీటు అతను "శభాష్ మేడమ్" అన్నాడు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "ఏమే, రిజల్ట్సు మన వూళ్లో చాలామందికి తెరుచుకోనే లేదట. లక్ష్మక్క కూతురు పొద్దుట్నించీ అన్నం ముట్టలేదు" అంది.

నాకు అప్పుడు తట్టింది. నేను మూసింది దాడి చేసేవాడి తలుపు కాదు. పాత పద్ధతిలో ప్రపంచం మొత్తానికీ ఉన్న ఐపీ చిరునామాలు సుమారు 430 కోట్లే. అవి చాలక మొబైల్ కంపెనీలు వేలమందిని ఒకే చిరునామా వెనక పెడతాయి. నేను ఒక్కడే శత్రువు అనుకున్నది ఆ చుట్టుపక్కల ఆ కంపెనీ సిమ్ వాడే పిల్లలందర్నీ. పేర్లు లేకుండా 'ఫలానావాళ్ల ఇంటి ఆడవాళ్లు' అని ఒక్క మాటలో చుట్టేస్తారే, అలా చుట్టేశాను. సొంత కనెక్షన్, సొంత చిరునామా ఉన్న ఆఫీసులవాళ్లకి ఈ బాధ అరుదు. నలుగురితో కలిసి పంచుకునేవాళ్లకే అనుమానం అంటుకుంటుంది.

ఆపింది నేనేనని అమ్మకి చెప్పలేదు.

సమాచార భద్రత పాఠాల్లో మొట్టమొదట మూడు మాటలు నేర్పుతారు: గోప్యత, సమగ్రత, అందుబాటు. మూడోది చాలామందికి వింతగా ఉంటుంది. భద్రత అంటే మూసిపెట్టడం కదా, తెరిచి ఉంచడం కూడా భద్రతేనా అని. ఆడవాళ్లకి మాత్రం ఇది కొత్త ప్రశ్నేం కాదు. బయట ప్రమాదం ఉందని హాస్టల్ గేటుకి ఎనిమిదింటికే తాళం వేస్తారు. తాళం పడేది ప్రమాదం మీద కాదు, పిల్లల మీద. 2015లో ఢిల్లీలో 'పింజ్రా తోడ్' అంటూ అమ్మాయిలు అడిగింది ఇదే. లైబ్రరీకి వెళ్లలేని విద్యార్థినికి మీరిచ్చే రక్షణ దేనికి? ఎవరికోసం కట్టారో వాళ్లే లోపలికి రాలేని వెబ్‌సైట్ కూడా భద్రంగా ఉన్నట్టు కాదు.

అయితే కాపలా అక్కర్లేదని అనగలమా? అనలేను. 2016 అక్టోబర్ 21న అమెరికాలో డైన్ అనే సంస్థ మీద దాడి జరిగి, ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి చాలామందికి అందకుండా పోయాయి. దాడి చేసింది 'మిరాయ్' అనే ప్రోగ్రామ్ లోబరుచుకున్న పరికరాల దండు. ఏమిటా పరికరాలు? ఎక్కువ భాగం ఇళ్లలో, దుకాణాల్లో పెట్టుకునే కెమెరాలు, వీడియో రికార్డర్లు, రౌటర్లు. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్ ఎవరూ మార్చలేదు. ఇంటి రక్షణకని కొన్న కెమెరానే ఇంకొకరి గుమ్మం మీద పడింది, ఇంటివాళ్లకి తెలియకుండానే. అలాంటి వరద వచ్చినప్పుడు తలుపు బార్లా తీసి కూర్చోవడం ఔదార్యం కాదు. చివరికి ఎవరికీ ఏమీ అందదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆశతో వచ్చే గుంపూ, కసితో వచ్చే గుంపూ సర్వర్‌కి ఒకేలా కన్పిస్తాయి. తేడా తెలుసుకోవాలంటే ఆగి చూడాలి. ఆగే తీరిక ఉండదు. అందుకని మనిషినని నిరూపించుకొమ్మంటాం. వంకర అక్షరాలు చదవమంటాం, ఫైర్ హైడ్రెంట్లున్న బొమ్మలు ఎంచమంటాం. మా అమ్మ జన్మలో ఫైర్ హైడ్రెంట్ చూడలేదు. చూపు లేని స్నేహితురాలికి ఆ బొమ్మలే గోడ. రుజువు చూపించాల్సిన భారం ఎప్పుడూ ఎవరి మీద పడుతోందో గమనించారా?

2021 ఏప్రిల్ 28 సాయంత్రం నాలుగింటికి 18 నుంచి 44 ఏళ్లవారికి కోవిన్‌లో టీకా నమోదు మొదలైంది. సైటు మొదట తడబడింది, తర్వాత నిలబడింది. ఆ ఒక్కరోజే కోటి ముప్పై లక్షల మందికి పైగా నమోదయ్యారు. ఇంజనీరుగా నేను మెచ్చుకోవాల్సిన సంగతే. కానీ ఖాళీలు కనిపెట్టే ప్రోగ్రాములు రాసుకోగలిగినవాళ్లు ముందుకెళ్లారు. సొంత ఫోన్ లేని ఆడవాళ్లు ఆ లెక్కలోకే రాలేదు. తెలుగు ఆ సైటులోకి వచ్చేసరికి జూన్ అయింది. ఈ వయసువాళ్లని ఆన్‌లైన్ నమోదు మీదే ఆధారపడేలా చేయడాన్ని మే 31న సుప్రీంకోర్టు ప్రశ్నించింది. సైటు పడిపోలేదన్నంత మాత్రాన అది అందుబాటులో ఉన్నట్టేనా?

ఆరోజు నేను బ్లాక్ చేయడమే తప్పా అని చాలాసార్లు తర్కించుకున్నాను. ఆపకపోతే రాష్ట్రమంతా ఆగిపోయేదేమో. కొందరిని ఆపి ఎక్కువమందికి అందించాను కదా అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఆ 'కొందరు' ఎప్పుడూ ఒకే రకం మనుషులైతే అది లెక్క కాదు, అలవాటు. నా తప్పు ఆపడం కాదు. వెనక ఎవరున్నారో చూడకపోవడం, ఆపినవాళ్లు 'మేం మనుషులమే' అని చెప్పుకునే దారి ఉంచకపోవడం, గండం గడిచాక తిరిగి తెరవడం మర్చిపోవడం. అంతకన్నా పెద్ద తప్పు ముందుది. ఒకసారి ప్రకటించాక ఫలితాలు గంటగంటకీ మారేవి కావు. ముందే పేజీలుగా తయారుచేసి పది సర్వర్లలో పెట్టి ఉంటే అంత తోపులాటే ఉండేది కాదు. పెళ్లికి వూరంతా వస్తారని తెలిసీ తక్కువ వండించి, గుమ్మం దగ్గర కర్రతో మనిషిని నిలబెట్టినట్టు చేశాం.

మర్నాటి నుంచి మా నలుగురిలో ఒక నియమం పెట్టుకున్నాం. ముందు నెమ్మది చేయాలి, తప్పకపోతేనే మూయాలి. మూసిన ప్రతి తలుపుకీ మళ్లీ తెరిచే సమయం రాసి ఉండాలి. ఫిర్యాదు చెప్పుకోడానికి ఒక ఫోన్ నంబరు ఉండాలి. ఇవేం గొప్ప సాంకేతిక సంగతులు కావు.

ఆ వేసవిలో వూరెళ్లినప్పుడు తెలిసింది. ఆరోజు బండి ఉన్న మగపిల్లలు పక్క టౌనుకెళ్లి నెట్ సెంటర్లో చూసుకొచ్చారు. ఆడపిల్లలు ఎవరైనా చూసి చెప్పేదాకా ఇంట్లో కూర్చున్నారు. నేను మూసిన తలుపు అందరికీ ఒకటే, కానీ వేరే దారి ఉన్నది కొందరికే. లక్ష్మక్క కూతురు నంబరు కూడా ఆ అబ్బాయిల్లో ఒకడు పట్టుకెళ్లాడు. మార్కులు ముందు అతనికి తెలిశాయి, తర్వాత ఆమె అన్నకి, ఆ తర్వాత నాన్నకి.

"ఫస్ట్ క్లాసే అక్కా. కానీ నాకు చెప్పేసరికి ఇంకేం చదవాలో కూడా వాళ్లే మాట్లాడేసుకున్నారు" అంది ఆ పిల్ల.