వ్రాసిన మాటకు పూచీ యెవరిది?

కోయంబత్తూరులో మోటారు కొనువారు ముందుగా చూచునది దాని నేమ్‌ప్లేటు. ఎన్ని వోల్టులు, ఎన్ని హార్సుపవర్లు, నిమిషమునకు ఎన్ని చుట్లు అను వివరములు అందుండును. 1937లో జి. డి. నాయుడుగారు పీలమేడులో మోటారు చేయించిన నాటినుండి మన కుటుంబములలో అనేకులకు ఈ రేకు చిరపరిచితము. దానిపై తప్పు వ్రాసినచో వైండింగు కాలిపోవును. కాలినది కొన్నవాని సొత్తు. వ్రాసినవాడు ఎచ్చటనో దూరమున నుండును. కావున వివరము వ్రాయుట పెద్ద పూచీ.

నేటి కంప్యూటర్లలోను ఇట్టి రేకు కలదు. యంత్రభాగములను పాలించు మూలప్రోగ్రామును కెర్నెల్ అందురు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ అట్టిది. యూఎస్‌బీతో తగిలించిన పరికరము తానెవరో తానే చెప్పుకొనును. ఫోను లోపలి బోర్డుకు అతికిన చిప్పులు పెక్కు మూగవి. ఏ చిప్పు ఏ చిరునామాలో నున్నదో, ఏ తీగ దేనికి పోవుచున్నదో ఎవరో వ్రాసి చెప్పవలెను. ఆ వ్రాతకు డివైస్ ట్రీ యని పేరు. పూర్వము ఆర్మ్ జాతి బోర్డుల వివరములను కెర్నెల్‌లోనే కుప్పపోయుచుండిరి; 2011లో టోర్వాల్డ్స్ దానిని గట్టిగా ఆక్షేపించిన పిదప అవి క్రమముగా ఈ వ్రాతలోనికి మారినవి. దీనిని యంత్రము చదువు రూపమునకు మార్చు సాధనము డీటీసీ. కొందరు ఏండ్ల తరబడి దానిని సవరించుచు కాపాడుచున్నారు. ఫోను వాడు మనము వారి పేర్లెరుగము.

సాధనము వ్యాకరణదోషమును పట్టగలదు, అసత్యమును పట్టలేదు. చిరునామా వ్రాయ మరచినచో హెచ్చరించును. తప్పు చిరునామాను చక్కగా వ్రాసినచో మిన్నకుండును. అచ్చట మనిషి మనస్సాక్షియే కావలి.

ఇంతకన్న కఠినమైన ప్రశ్న మరియొకటి కలదు. నిన్నటి పద్ధతి బాగులేదని నేడు తెలిసినది. దానిని తుడిచివేయవచ్చునా? ఆ వ్రాతను నమ్ముకొని యంత్రములు లోకమంతట వ్యాపించినవి. అందుచే వారు పెట్టుకొన్న నియమమిది: కొత్త కెర్నెల్ పాత వ్రాతను చదువగలిగి యుండవలెను, కొత్తగా వ్రాయువారు మేలైన పద్ధతి ననుసరింపవలెను. ఇందువలన పాత పొరపాట్ల బరువును చాలకాలము మోయవలసివచ్చును. అయినను ఇదియే న్యాయమని మాకు తోచుచున్నది. వ్రాసినవాని సౌకర్యముకన్న నమ్మినవాని నమ్మకము పెద్దది.

మన సంగతియు ఇట్టిదే. మధురనేలిన విజయరంగ చొక్కనాథుడు (1706-1732) తెలుగు వచనము వ్రాసెను. ఆ వ్రాత నిలిచియున్నది, చదువవలసినవారము మనము. మన యిండ్లలో తెలుగు మాటాడుచు లిపి నెరుగని పిల్లలు అనేకులు. మనము ‘అంగడి’ యనగా కోస్తా చుట్టము ‘కొట్టు’ అనును. అంతమాత్రమున మన మాట తప్పని బిడ్డకు చెప్పితిమేని, అవ్వ చెప్పిన మాటను మనమే తుడిచినవారమగుదుము. కొత్త మాటను చేర్చుకొందము. పాతదానిని చదువు శక్తిని నిలుపుకొందము. సాయంకాలము అర్ధగంట బిడ్డచే అక్షరములు దిద్దించు తల్లికి ఎవరును సన్మానము చేయరు. ఆమె ఆ పని మానిననాడు లోపము కనబడదు; తరము గడచిన పిదప కనబడును.