జ్ఞాపకము తొలగినను మనిషి తొలగునా?

వార్ధక్యము దేహమునకు సహజధర్మము. తల నెరయుటను, చూపు మందగించుటను పెద్దలు ఏనాడో అంగీకరించిరి. కాని కన్నబిడ్డ పేరు మరచుట, ఇంటిదారి తప్పుట, భోజనమైన మరుక్షణమే అన్నము పెట్టలేదనుట కేవలము ముసలితనము కాదు. అది మెదడునకు కలిగిన వ్యాధి. వైద్యులు దీనిని డిమెన్షియా అందురు. 1906లో జర్మనీ వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్ వివరించిన రోగము ఇందు ముఖ్యమైనది.

ఈ వ్యాధి ముందుముందు ఎందరికి కలుగునో నిపుణులు లెక్కించుచున్నారు. 2019లో ప్రపంచమున 5.74 కోట్లుగా నున్న రోగులు 2050 నాటికి 15.28 కోట్లు కాగలరని 2022లో వెలువడిన అంచనా. అదే కాలమున భారతదేశపు సంఖ్య సుమారు 38 లక్షలనుండి 1.14 కోట్లకు పెరుగునట. 2023లో ప్రకటితమైన మరియొక పరిశీలన మాత్రము అరువదేండ్లు పైబడిన భారతీయులలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షలమంది, ఇప్పటికే రోగులని తెల్పినది. కొలుచు పద్ధతి మారిన సంఖ్యయు మారును. పైగా వ్యాధి కలవారు వేరు, వ్యాధి నిర్ధారణ పొందినవారు వేరు. “ముసలి చాదస్తము” అని సరిపుచ్చుకొను ఇండ్లలోని వృద్ధులు ఏ ఆసుపత్రి పుస్తకమునను కానరారు.

అయిన ఈ లెక్క విధివ్రాతయా? కాదు. బ్రిటనులో పూర్వపు రేటు ననుసరించి 2011 నాటికి 8.84 లక్షలమంది రోగులుందురని ఎంచగా, 2013లో ప్రకటితమైన పరిశోధన 6.70 లక్షలే యని తేల్చినది. వినికిడి లోపము, రక్తపోటు, మధుమేహము, పొగత్రాగుట, విద్యలేమి, ఒంటరితనము మున్నగు 14 కారణములను తొలగింపగలిగిన, నూటికి 45 వంతులవరకు ఈ వ్యాధిని నివారించుటయో, ఆలస్యము చేయుటయో సాధ్యమని 2024లో లాన్సెట్ నిపుణుల సంఘము తెల్పినది. కావున అంచనా అనునది హెచ్చరికయే గాని తీర్పు కాదు.

ఎంత జాగ్రత్త వహించినను కొందరికి వ్యాధి రాక తప్పదు. అచట ధర్మప్రశ్న ఉదయించును. తన్ను తాను గుర్తింపలేని వృద్ధునకు పూర్వపు గౌరవ మేల అని కొందరి మనస్సున మెదలును. వీరశైవ గృహములలో శిశువునకు లింగధారణ మొనర్చునపుడు ఆ శిశువునకు ఏమి తెలియును? తెలివి వచ్చిన పిదప చూతమని ఎవరును ఆగరు. తెలివి రాకముందే లభించిన గౌరవము తెలివి తొలగినంతమాత్రమున ఎట్లు తొలగును? శిశువు ముందు తెలిసికొనును, వృద్ధుడు తెలిసికొనడు గదా యని ఆక్షేపింపవచ్చును. కాని లింగధారణ వేళ ఆ శిశువు ఎంతకాలము జీవించునో, ఎంత నేర్చునో ఎవరును హామీ అడుగలేదు. గౌరవము ప్రాణమునకే యీయబడినది, జ్ఞాపకశక్తికి కాదు.

ఇంకొక మాట మరువరాదు. రేయింబవళ్లు ఈ సేవ చేయువారు తరచుగా ఇంటి కోడలో, కూతురో. ఆమెను సాధ్వియని పొగడి భారమంతయు ఆమెపై మోపుట ధర్మము కాదు. కాయకము ఒక్కరిది, కీర్తి కుటుంబమంతటిది అగుట న్యాయమా? కుమారులు వంతులు పంచుకొనవలెను. ఇరుగుపొరుగువారు వారమున కొక పూటయైనను వృద్ధునికడ కూర్చుండి ఆమెకు విశ్రాంతి నీయవలెను. అన్నదానము, విద్యాదానము చేయు మఠములు పగటివేళ వృద్ధులు కూర్చుండుటకు ఒక చావడిని, నెలకొకమారు రక్తపోటు, వినికిడి పరీక్షలను ఏర్పరచిన అదియు దాసోహమే యగును.

కోట్ల లెక్కలు ప్రభుత్వములకు అవసరము. గృహస్థునకు మాత్రము ఆ సంఖ్య ఒక్కటే: అరుగుపై కూర్చుండి, ఎదుటివాడెవరో తెలియకయే చేయి చాచు తండ్రి. ఆ చేయిని పట్టుకొనుటకు ఆయన జ్ఞాపకముతో పనిలేదు. పట్టుకొనువాని జ్ఞాపకము చాలును.