సంకల్పములో మన చిరునామా



పూజకు ముందు మనము సంకల్పము చెప్పుకొనుచున్నాము. బ్రహ్మదేవుని ఆయువులో రెండవ సగము, శ్వేతవరాహ కల్పము, ఏడవ మనువైన వైవస్వతుని కాలము, ఇరువదియెనిమిదవ కలియుగము, అందు మొదటి పాదము. కాలమున మన చిరునామా ఇది. "మా కాలమువంటి కాలము లేదు" అని గర్వించువారును, "కలి ముగియుచున్నది, ఇక ఏమి చేసిననేమి" అని చేతులు ముడుచుకొనువారును ఈ మాటలను ఆలకింపవలెను. మన్వంతరమునకు మహాయుగములు 71, మనది 28వది. కలియుగ ప్రమాణము 4,32,000 సంవత్సరములు; గడచినవి 5,100కు కొంచెము పైన. మనము ఆదియందు లేము, అంతమందును లేము.

గోదావరిఖనిలో మైసమ్మ తల్లికి మ్రొక్కి గనిలోనికి దిగు కార్మికునకు ఈ సత్యము చేతికి తగులుచునే యుండును. అతడు త్రవ్వు బొగ్గు 25 కోట్ల సంవత్సరములకు పూర్వపు అడవి. ఆనాటి గ్లాసాప్టెరిస్ అను చెట్ల ఆకులు, నాలుకవంటివి, రాతిపలకలపై అచ్చుపడి నేటికిని కనబడును. భారతదేశము మొదలు అంటార్కిటికా వరకు వ్యాపించిన ఆ జాతిలో నేడొక్క చెట్టును లేదు. మానవజాతి వయస్సో, సుమారు 3 లక్షల సంవత్సరములు. పురాణగణన, శాస్త్రగణన వేర్వేరు కొలతలు. ఒకదానితో మరొకదానిని రుజువు చేయ బనిలేదు. రెండును మన అహంకారమునే అణచుచున్నవి.

అట్లైన మన బ్రతుకు లెక్కలోనికి రానిదా? రాత్రి షిఫ్టునకు పోయిన భర్త తిరిగివచ్చువరకు కన్నుమూయని ఇల్లాలిని అడుగుడు! సంకల్పము కల్పముల లెక్కతో ఆగదు. కృష్ణా గోదావరుల నడిమి దేశమునకు, నేటి తిథికి, గోత్రమునకు, పేరునకు దిగివచ్చి, "నేను ఈ కర్మను చేయుచున్నాను" అని ముగియును. కాలము అందరిది, కర్మ నాది. ఆ చెట్టునకు ఎంపిక లేదు, మనకు కలదు.

రామగుండము విద్యుత్కేంద్రము 1983 నుండి ఇంటింటికి దీపము నిచ్చుచున్నది. యుగములు దాచిన సూర్యరశ్మి అందు ఒక్కదినమున బూడిద యగుచున్నది. దాని పొగ మన మనుమల ఆకాశమును వేడెక్కించుచున్నది. త్రవ్వుట పాపమని నేననను. అన్నము పెట్టిన పని అది. కాని, అవసరమునకు మించి ఒక దీపమును వెలిగించునపుడు, తోటివాని భద్రతను విడిచి తొందరపడునపుడు, "నేను చేయుచున్నాను" అను మాటకు మనమే జవాబుదారులము.

రేపు సంకల్పము చెప్పునపుడు మీ పేరు వద్ద ఒక్క క్షణము ఆగుడు. అనంతకాలమున భగవంతుడు మనకప్పగించిన చోటు అంతమాత్రమే. దానిని శుభ్రముగా నుంచి రాబోవువారికి అప్పగింతము.

సర్వే జనాః సుఖినో భవంతు.