నీనెవె విషయమై మేనల్లునికి వ్రాసిన లేఖ



నీ జాబు చేరినది. మన పొలము గట్టు జరిపి, మీ నాయన బ్రదికినంతకాలము ఆయనను కోర్టుల చుట్టు త్రిప్పిన మనుష్యుడు ఇప్పుడు బాప్తిస్మము పొందెననియు, అయ్యగారు అతనిని ప్రభువు బల్లయొద్దకు పిలుచుట చూడలేక నీవు గుడిలోనుండి లేచి వచ్చితివనియు వ్రాసితివి. నిన్న శిక్షింతునన్నవానిని నేడు క్షమించు దేవుని మాటకు స్థిరత్వ మెక్కడిదని అడిగితివి. కోపముతో అడిగినను అడుగదగిన ప్రశ్నయే. నీకంటె ముందు ఒక ప్రవక్తయే ఆ కోపముతో కుమిలిపోయెను.

నలువది దినములలో అష్షూరీయుల నీనెవె పట్టణము నాశనమగునని చాటవలసిన ఆ ప్రవక్త యోనా, యొప్పేలో ఓడ యెక్కి తర్షీషునకు పారిపోయినది అష్షూరీయుల క్రౌర్యమునకు జడిసియని పలువురు తలంతురు. ఆ క్రౌర్యము కల్పితము కాదు: యోనాకు తరువాతి వాడైన అష్షూరు రాజు సన్హెరీబు, యూదయలోని లాకీషు పట్టణమును పట్టుకొని అచ్చటి వారిని హింసించిన తీరును నీనెవెలోని తన నగరి గోడలకు రాతిపలకలపై చెక్కించుకొని మురిసెను, ఆ పలకలు నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియములో నున్నవి. అయినను తాను పారిపోయిన కారణమును యోనా తన గ్రంథపు నాలుగవ అధ్యాయములో తానే చెప్పుచున్నాడు. దేవుడు కృపాళువనియు, తిరిగి వచ్చినవారిని నాశనము చేయడనియు అతనికి మొదటినుండియు తెలియును. దేవుడు మారునేమోయని కాదు, మారడనియే అతని బాధ.

అతడు తుదకు వెళ్లి ప్రకటింపగా మారినది నీనెవె. రాజు సింహాసనము దిగి, గోనెపట్ట కట్టుకొని బూడిదెలో కూర్చుండెను. అంతటితో ఆగక, ప్రతివాడును తన చేతులలోని బలాత్కారమును విడువవలెనని ఆజ్ఞాపించెను. పాపమును ద్వేషించు దేవుడు ఆ పాపము విడువబడిన పిమ్మట ఎవరిని దండింపవలెను? చెడ్డ నీనెవె కూలిపోయి మంచి నీనెవె లేచినది గనుక ప్రవక్త పలికిన నాశనము నెరవేరినట్లే యని, దేవుని పట్టణమును గూర్చిన తన మహాగ్రంథములో అగస్టీను భావించెను. నాకా మాట మిక్కిలి ఇష్టము.

అయితే ఆ కథ అక్కడ ముగియలేదు. తరువాతి తరములవారు బలాత్కారమును మరల చేపట్టిరి, నహూము ప్రవక్త ఆ పట్టణముపైననే దండన ప్రకటించెను, క్రీ.పూ. 612లో బబులోనీయులును మాదీయులును కలిసి దానిని పాడుచేసిరి. టిగ్రిసు నదికి తూర్పున, మోసులు పాత పట్టణమున కెదురుగా, దాని దిబ్బలు నేటికిని ఉన్నవి. ఒకే పట్టణము, ఒకే దేవుడు. ఒకమారు క్షమ, ఒకమారు దండన. ఆయన స్వభావము పూటకొక తీరున మారునదే యైనచో, నీనెవెవారు ఏ ధైర్యముతో గోనెపట్ట కట్టుకొందురు? బాధితులు ఏ ఆశతో ఆయనకు మొరపెట్టుకొందురు?

మార్పులేనివాడనగా రాయివలె చలనములేనివాడని తలంపకుము, నాయనా. తనకు నీడనిచ్చిన సొరచెట్టు ఒక్కదినమున వాడిపోగా యోనా చావు కోరుకొనెను; కుడియెడమలెరుగని లక్షయిరువదివేలమందికి పైగా జనులును, పశువులును ఉన్న పట్టణముపై తాను జాలిపడరాదా యని దేవుడు అతని నడిగెను. యోనా చెప్పిన ఉత్తరము ఆ గ్రంథములో లేదు.

ఇక నీ సంగతి. క్షమ నొందినవాడు అపహరించినది ఉంచుకొనవచ్చునని నేను చెప్పను; ఏ శాస్త్రజ్ఞుడు చెప్పినను ఒప్పుకొనను. యెరికోలోని సుంకపు గుత్తదారుడైన జక్కయ్య, ప్రభువు తన యింట అడుగిడిన దినముననే, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు చెల్లింతునని నిలువబడి చెప్పెను. ఆ యింటికి రక్షణ వచ్చినదన్న మాట ఆయన నోట వెలువడినది అటుపిమ్మటనే. కావున మన గట్టు మనకు రావలెనని అడుగుట నీ హక్కు, ఇచ్చుట అతని ధర్మము. అతడు బల్లయొద్దకు రారాదని శాసించుట మాత్రము నీ చేతిలో లేదు.

పంట కోతలు కాగానే నేను వచ్చెదను. మీ నాయన పెట్టెలోని దస్తావేజులును, సర్వే పటమును తీసి ఉంచుము. అయ్యగారి సమక్షమున అతనితో నేనే మాటలాడెదను. అంతవరకు ఆదివారము ఆరాధన మానకుము. అతడు ముందు వరుసలో కూర్చున్నను సరే, నీవు బల్లయొద్దకు వెళ్లుము.

మీ మేనమామ.