మేనమామ పోలికేనా?

నాలుగు నెలలు దాటినా బిడ్డ మెడ నిలపకపోయినా, గుప్పిళ్లు విప్పకపోయినా, ఏడాదిలోపే ఒక్క చేతినే వాడుతున్నా "మేనమామ పోలికలే, వాడూ ఆలస్యంగానే నడిచాడు" అనేస్తాం. ప్రేమగా అనే ఆ మాటతోనే విలువైన నెలలు గడిచిపోతాయి. ఇవి సెరిబ్రల్ పాల్సీ లక్షణాలు కావచ్చు. అంటే ఎదిగే మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కదలికల్లో వచ్చే ఇబ్బంది. అంటువ్యాధి కాదు, పూర్వజన్మ పాపం అసలే కాదు. లేత మెదడు కొత్తవి త్వరగా నేర్చుకుంటుంది, అందుకే థెరపీ ముందుగా మొదలవ్వాలి. అది ఆసుపత్రిలో అరగంటతో అయ్యేది కాదు. థెరపిస్టు చూపినట్టు బిడ్డను మెలకువలో బోర్లా పడుకోబెట్టి, కళ్లెదుట గిలక్కాయ ఆడిస్తే తల ఎత్తే ప్రయత్నం చేస్తుంది. ఇంట్లో నాన్న, తాతయ్య కూడా చేయొచ్చు, అన్నీ అమ్మ మీదే వేయకండి! 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లలో (డీఈఐసీ) ఈ సేవలు ఉచితం. అనుమానం ఉంటే ఈ వారమే బిడ్డను చూపించండి.