నప్పిందని ఎవరంటారు?

తెలుగులో ‘నప్పడం’ అని ఒక మాట ఉంది. ఈ జాకెట్టు ఆ చీరకి నప్పింది అంటాం. కొత్త కోడలు ఆ ఇంటికి నప్పింది అని కూడా అంటాం. రెండో వాక్యంలో నప్పాల్సిన పని ఎప్పుడూ పిల్లదే. ఇల్లు ఆ పిల్లకి నప్పిందా అని అడిగినవాళ్ళు నాకింతవరకూ తారసపడలేదు. అయినా ఈ మాటని మనం అభిరుచికి సంబంధించిన మాటగానే వాడతాం, న్యాయానికి సంబంధించిన మాటగా కాదు. రంగులు నప్పాయా లేదా అన్నది కంటికి తెలిసే విషయమనీ, కంటికి కులమూ వర్గమూ ఉండవనీ మన నమ్మకం. ఈ నమ్మకాన్ని కాస్త తడిమి చూడాలన్న ఆలోచన నాకు పుస్తకాల వల్ల రాలేదు, గుడ్డముక్కల వల్ల వచ్చింది.

కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఒహాయోలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా, ఆ ఊరి లైబ్రరీలో వారానికోసారి కూడే ఆడవాళ్ళ కుట్టు బృందానికి వెళుతున్నాను. అక్కడ నేర్చుకునేవాళ్ళ చేత మొదట కుట్టించేది శాంప్లర్ క్విల్ట్. మామూలు క్విల్టులో ఒకటే నమూనా మళ్ళీ మళ్ళీ వస్తుంది. శాంప్లర్‌లో ఏ రెండు బ్లాకులూ ఒకలా ఉండవు. నాది 12 అంగుళాల బ్లాకులు పన్నెండు, అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు. కర్రదుంగల ఇల్లు ఒకటి, ఎగిరే బాతులు ఒకటి, మజ్జిగ చిలికే కవ్వం ఒకటి, తాగుబోతు నడక ఒకటి. పేర్లు వింటుంటేనే తెలుస్తుంది, ఇవి ఇల్లూ పాడీ పొలమూ తాగొచ్చే మగవాడూ చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పెట్టుకున్న పేర్లని. ఒకే బ్లాకుకి ఒకచోట ఎలుగుబంటి పంజా అని పేరు, ఇంకోచోట బురదలో బాతుపాదం, మరోచోట స్నేహహస్తం. గీత అదే. చూసిన కళ్ళు వేరు.

ఇలాంటి పన్నెండింటిని పక్కపక్కన పెడితే ఏమవుతుంది? సంత అవుతుంది. దేనికదే బాగుంటుంది, కలిపితే కన్ను ఎక్కడా నిలవదు. అందుకే శాంప్లర్ కుట్టడంలో అసలు కష్టం కుట్టులో ఉండదు, ఇన్ని తేడాలని ఒకే దుప్పటి అనిపించడంలో ఉంటుంది. దానికి వాళ్ళకి కొన్ని పద్ధతులున్నాయి. నాలుగైదు రంగులున్న ఒక పెద్ద పూల గుడ్డని ముందు ఎంచుకుని, మిగతా గుడ్డల రంగులన్నీ అందులోంచే తీసుకోవడం ఒకటి. అన్ని బ్లాకులకీ ఒకే నేపథ్యపు గుడ్డ వాడటం ఇంకొకటి. బ్లాకుల మధ్య సాషింగ్ అనే పట్టీలు వేసి దేని గదిలో దాన్ని ఉంచడం మరొకటి. వీటన్నిటికంటే ముఖ్యమైనది లేత ముదురుల తూకం. కళ్ళు సగం మూసి చూడమంటారు, లేదా ఫోటో తీసి నలుపు తెలుపుల్లోకి మార్చి చూడమంటారు. రంగు తీసేశాక కూడా నమూనా కనిపిస్తే బ్లాకు నిలబడ్డట్టు. పని చేసేది వెలుగునీడలైతే పేరు కొట్టేసేది రంగు అని క్విల్టర్లలో ఒక నానుడి ఉంది. అది విని నేనూ, నా పక్కన కూర్చున్నావిడా ఒకేసారి నవ్వాం. ఇద్దరం ఎవరి వంటింటిని తలచుకుని నవ్వామో ఒకరికొకరం చెప్పుకోలేదు.

ఈ పద్ధతుల్లో అన్నిటికంటే సులువైనదీ, ఎప్పుడూ బెడిసికొట్టనిదీ ఒకే నేపథ్యం. పన్నెండు బ్లాకుల్లోనూ అదే తెలుపో, గోధుమరంగు కలిసిన లేత తెలుపో ఉంటే చాలు, ముందున్న నమూనాలు ఎంత కొట్టుకున్నా దుప్పటి ఒకటిగానే కనిపిస్తుంది. నేపథ్యానికి ఒక సుఖం ఉంది. దాన్నెవరూ రంగుగా లెక్కపెట్టరు. మీ క్విల్టులో ఏయే రంగులు వాడారని అడిగితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని చెబుతాం. సగానికి సగం గుడ్డ ఆ తెలుపే అయినా దాని పేరెత్తం.

1840లలో మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్‌లో ఆడవాళ్ళు కుట్టిన ఆల్బమ్ క్విల్టులు ఈ పద్ధతికి పేరుపడ్డ ఉదాహరణలు. ఒక్కో బ్లాకు ఒక్కో రకం, చాలావాటి మీద వేరువేరు మనుషుల సంతకాలు. వాటిని కలిపింది ఎరుపూ ఆకుపచ్చా అని పుస్తకాల్లో రాస్తారు. నాకు మాత్రం కలిపింది తెలుపనే అనిపిస్తుంది. మేరీలాండ్ అప్పటికి బానిసత్వం చట్టబద్ధంగా ఉన్న రాష్ట్రం. ఆ కాలపు అమెరికాలో పత్తి దాదాపుగా బానిసల చేతుల మీదుగా పండింది. స్నేహానికీ అక్కచెల్లెళ్ళతనానికీ గుర్తుగా కుట్టుకున్న ఆ దుప్పట్లలో సంతకాలు చేసినవాళ్ళ పేర్లున్నాయి. పత్తి తీసినవాళ్ళు తెల్లటి నేపథ్యంలో ఉన్నారు. ఇలా అన్నందుకు ఆ దుప్పట్ల అందం తగ్గిపోదు. మ్యూజియం అద్దం ముందు నిలబడి నేనూ నోరు తెరుచుకుని చూశాను.

తెలుపు దగ్గర ఆగిపోతే ఇదంతా పరాయి దేశపు కథ అనిపించవచ్చు. మా ఊళ్ళో బొంత కథ ఒకటి చెప్పాలి.

కృష్ణా జిల్లాలో మా ఇంట్లో ఏటా ఎండాకాలం పాతచీరలతో బొంతలు కుట్టించేవాళ్ళు. కుట్టేది మాలపల్లె నుంచి వచ్చే ఒకావిడ. ఆవిడ పెరట్లో చింతచెట్టు కింద కూర్చునేది, బొంత కూడా అక్కడే పరుచుకునేది. కుట్టడం అయ్యాక దాన్ని నీళ్ళల్లో తడిపి, దండెం మీద ఆరేసి, అప్పుడు లోపలికి తెచ్చేవాళ్ళు. ఒకసారి, నాకు పదేళ్ళుంటాయి, పైపొర ఒక మూల గుడ్డ చాల్లేదు. ఆవిడ తన పాతచీర ముక్క జానెడు వేసి పూర్తిచేసింది. చిలకపచ్చ. మిగతాదంతా మా అమ్మ చీరలు, గంధంరంగూ మెరూనూ. అమ్మ అరుగు మీద నిలబడి చూసి, “రంగు నప్పలేదే” అంది. ఆవిడ, “చాల్లేదమ్మగారూ” అంది. అంతే. మర్నాడు అమ్మ ఆ ముక్క ఊడదీసి తన జాకెట్టు గుడ్డ వేసింది. చిలకపచ్చ ముక్క లాంతరు గ్లాసులు తుడవడానికి పోయింది.

ఆ బొంతలో ఆవిడ కుట్టు మూడు వేళ్ళకొక వరసగా ఈ చివర నుంచి ఆ చివరకి ఉంది. పొరలన్నిటినీ పట్టి ఉంచింది ఆ కుట్టే. కుట్టుని నీళ్ళు శుభ్రం చేశాయి. గుడ్డని మాత్రం ఏ నీళ్ళూ శుభ్రం చేయలేకపోయాయి. అమ్మ అబద్ధం చెప్పిందని నేననుకోను. నిజంగానే ఆవిడ కంటికి నప్పలేదు. నాకు ఇన్నేళ్ళూ మింగుడుపడనిది అదే. మైల అని ఉంటే ఎదిరించడానికి ఒక మాట ఉండేది. రంగు అంది. రంగుతో ఎవరు వాదిస్తారు?

అలాగని రంగు అంతా సాకు, పొందిక అంతా పెత్తనం అని తేల్చేయడం నాకిష్టం లేదు. మన సెమినార్లలో ఆ మాట సులువుగా వచ్చేస్తుంది. పొందిక లేని శాంప్లర్ స్వేచ్ఛకి గుర్తు కాదు, అది పన్నెండు బ్లాకుల గుట్ట. కప్పుకోవడానికి దుప్పటి కావాలి. కలిసి ఉండాలంటే ఏదో ఒకటి అందరిలోనూ పారుతూ ఉండాలి. అదేమిటి, ఎవరు తెచ్చారు, తెచ్చినవాళ్ళు దాన్ని రంగని ఒప్పుకుంటున్నారా అన్నవి తరవాతి ప్రశ్నలు. తరవాతివైనంత మాత్రాన చిన్నవి కావు.

ఇక్కడ కుట్టుపని నాకొక సంగతి నేర్పింది. ఎగిరే బాతుల బ్లాకులో నేనొక చిలకపచ్చ వేశాను. కావాలనే వేశాను, అందులో దాపరికం లేదు. పన్నెండూ నేల మీద పరిస్తే అదొక్కటే కేక పెట్టినట్టుంది. తీసేయమంటారనుకున్నాను. మా టీచరు అలా అనలేదు. ఒక రంగు విడిగా కొట్టొచ్చినట్టు కనిపిస్తే దాన్ని తీయొద్దు, ఇంకా వెయ్యి అంది. ఇంకో బ్లాకులో అంగుళం ముక్క, మరో బ్లాకులో మధ్య గడి, పట్టీలు కలిసే చోట ఒకటి. క్విల్టర్లకిది పాత చిట్కా. ఒక్కచోటే ఉంటే పొరపాటులా కనిపించే రంగు, నాలుగుచోట్ల ఉంటే ఉద్దేశంలా కనిపిస్తుంది. నేను వేసి చూశాను. చిలకపచ్చ మారలేదు. దాని పక్కనున్న నీలం మాత్రం అంతకుముందున్న నీలంలా లేదు.

అంటే నప్పకపోవడం ఆ రంగు గుణం కాదు, అది ఒంటరిగా ఉండటం వల్ల వచ్చిన గుణం. చింతచెట్టు కింద ఆ ముక్క నప్పకపోవడానికి కారణం అది జానెడే కావడం.

సంకలనాలు వేసే మనకి ఇది పనికొచ్చే లెక్క. 1993లో ఓల్గా సంపాదకత్వంలో ‘నీలిమేఘాలు’ వచ్చినప్పుడు మనలో చాలామందికి మొదటిసారి ఒక దుప్పటి కిందికి చేరిన వెచ్చదనం తెలిసింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు చేతకాదు. ఆ దశకంలోనే దళిత స్త్రీలూ ముస్లిం స్త్రీలూ అడిగారు, మీరు ‘స్త్రీ’ అంటున్నది ఎవర్నని. నేపథ్యం రంగేమిటని అడగడమే అది. అంతకుముందు జయప్రభ పైట మీద రాసింది, మగచూపు కట్టిన బంధనంగా. తరవాత జూపాక సుభద్ర కొంగు మీద రాసింది, పనిలో తోడుండే గుడ్డగా. గుడ్డ ఒకటే, భుజమూ ఒకటే. ఎలుగు పంజా అన్నా బాతుపాదమన్నా గీత ఒకటే అయినట్టు. కానీ ‘పైట’ అన్న పేరు నేపథ్యమై కూర్చున్న సంకలనంలో ‘కొంగు’ ఒక్క కవితగా చేరితే, ఎంత గొప్ప కవితైనా అది మూలన వేసిన జానెడు ముక్కే. చదివేవాళ్ళు దాన్ని ‘దళిత స్త్రీ గొంతు’ అని విడిగా మెచ్చుకుంటారు. మెచ్చుకోవడం కూడా ఊడదీయడంలో ఒక పద్ధతే. అది పది చోట్ల ఉంటే, పక్కనున్న పైట కవిత కూడా ముందులా చదవబుద్ధి కాదు. అక్కడ మొదలవుతుంది మార్పు.

పదిచోట్ల వేద్దామన్నా వాళ్ళు గుడ్డ ఇవ్వాలి కదా. ఎందుకివ్వాలి? 2003లో గోగు శ్యామల ‘నల్లపొద్దు’ తెచ్చింది, దళిత స్త్రీల సాహిత్యమే నేపథ్యంగానూ ముందు నమూనాగానూ. ఇక అక్కడ ఎవరికి ఎవరు నప్పాలన్న ప్రశ్నే రాదు. విడిపోయారని అప్పట్లో నొచ్చుకున్నవాళ్ళని చూశాను. సొంత మంచానికి సొంత బొంత కుట్టుకోవడం విడిపోవడం ఎలా అవుతుందో నాకర్థం కాదు.

అలబామాలో, నది మెలిక తిరిగిన చోట జీస్ బెండ్ అనే ఊరుంది. అక్కడి నల్లజాతి స్త్రీలు, బానిసలుగా తెచ్చినవారి సంతతి, పాత పనిబట్టలతో క్విల్టులు కుట్టేవారు. 1942లో మిస్సోరి పెట్వే భర్త పోయాక అతని పనిబట్టలు చింపి ఒకటి కుట్టింది. వెలిసిన నీలం, మోకాళ్ళ దగ్గర ఇంకా వెలిసిన నీలం. అక్కడ రంగుల్ని ఎవరూ ఎంచలేదు. ఒకే ఒంటి మీద, ఒకే ఎండలో వెలిసిన బట్టలు కాబట్టి కలిశాయి. ఇలాంటి పొందిక కొట్లో దొరకదు. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు పౌరహక్కుల ఉద్యమం వేడిలో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని సహకార సంఘం పెట్టుకున్నారు. న్యూయార్క్ దుకాణాల ఆర్డర్లు వచ్చాయి. ఆర్డరంటే ప్రతిదీ ఒకే కొలత, ఒకే పోలిక. చెయ్యి పోయినట్టు కుట్టే అలవాటుని పనివేళల్లో పక్కన పెట్టాల్సివచ్చింది. 1972 నుంచి సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండు కవర్లు కుట్టారు. మిగిలిన కార్డురాయ్ ముక్కల్ని ఇంటికి తీసుకెళ్ళి తమ ఇష్టం వచ్చినట్టు క్విల్టులు చేసుకున్నారు. కంపెనీ ఎంచిన రంగులే, కానీ చూస్తే కంపెనీ గుర్తుకు రాదు. 2002లో అవి హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియం గోడలెక్కాయి, ఆధునిక చిత్రకళతో పోలుస్తూ రాశారు. 2007లో వాళ్ళలో కొందరు తమకి రావలసిన డబ్బు గురించి, హక్కుల గురించి కోర్టుకి వెళ్ళారు. నప్పింది అన్నంత మాత్రాన లెక్క తేలిపోదని వాళ్ళకి మనకంటే ముందే తెలుసు.

నా శాంప్లర్ ఇంకా పూర్తికాలేదు. పదకొండు బ్లాకులు అయ్యాయి, చిలకపచ్చ అయిదింటిలో ఉంది. అది ఆవిడ పచ్చ కాదు, గజం లెక్కన కొట్లో కొన్న పచ్చ. ఆ తేడాని ఏ కుట్టూ కప్పదని తెలిసే వేశాను. మా అమ్మాయికి ఆ రంగు నచ్చలేదు. పడకగది గోడలకి పోవంది. గోడలు ఏ రంగో చూసొచ్చాను. తెలుపు.