పుట్టుకతో రాని దీపము



హవాయి దీవుల యొడ్డున, మోకాలిలోతు నీటిలో, బొటనవ్రేలంత స్క్విడ్ యొకటి కలదు. 1913వ సంవత్సరమున బెర్రీ యను ప్రాణిశాస్త్రవేత్త దానికి యూప్రిమ్నా స్కోలోప్స్ అని పేరిడెను. పగలెల్ల నిసుకలో దాఁగియుండి, రాత్రి వెడలి చిన్నరొయ్యలను వేటాడును. కావున దీనిని సాధుజంతువని నేను చెప్పను. ప్రాణులను మునులుగాఁ జేయుటకు ధర్మబోధకులు మిక్కిలి త్వరపడుదురు.

దాని శరీరములో నొక దీపము కలదు. వెన్నెలరాత్రులయందుఁ బైనుండి వచ్చు కాంతికి సరిపడునట్లు అది క్రిందికి వెలుఁగు నిచ్చును. క్రిందనుండి చూచు శత్రువునకు దాని నీడ కానరాదు. సిరాసంచియే ఆ దీపమునకుఁ దెర. మనము దీపము దొరకినతోడనే నలుగురును జూడవలెనని పైకెత్తుదుము. ఈ ప్రాణి కనఁబడకుండుటకే వెలుఁగును వాడుకొనుచున్నది.

ఆ వెలుఁగైనను దాని సొంతము కాదు. వైబ్రియో ఫిషెరి యను బాక్టీరియా ఆ యవయవములో వసించి, స్క్విడ్ పెట్టు నాహారమును దిని, ప్రకాశించుచున్నది. తల్లి గ్రుడ్లను బెట్టి విడిచిపోవును. పిల్లకు దీపగృహము పుట్టుకతో వచ్చును, దీపము రాదు. గ్రుడ్డు వెలువడిన కొన్ని గంటలలోనే పిల్ల దానిని సముద్రజలమునుండి గ్రహించును. లక్షలకొలఁది యితర సూక్ష్మజీవుల నడుమ నివి మిక్కిలి కొద్ది. అవయవముమీఁది సన్నని కేశములు నీటిని ద్రిప్పి, జిగురులో వానిని బట్టి, లోనికిఁ జేర్చును. చేరిన కొలఁదిదినములకే ఆ కేశములు గల భాగము క్షీణించిపోవును. చేరనిచో క్షీణింపదు, చేయి చాఁచినట్లే యుండును.

మా తాత మహాపండితుఁడు, మాది శిష్టవంశము, అని మనము చెప్పుకొనుచున్నాము. ఈశ్వరజ్ఞానము వంశధనమా? భూములు, గ్రంథములు, పూజామందిరము, ఇవన్నియుఁ గుమారునకు వ్రాసియీయవచ్చును, అవి దీపగృహములు. తాతగారి భక్తి మనుమనిలో వెలుఁగదు. వాఁడు తానే చేయి చాఁపవలెను. మఱియొక్క సంగతి: వెలుఁగు నీయని బాక్టీరియా ఆ గృహములోఁ జేరినను నిలువఁజాలదని పరిశోధకులు కనిపెట్టిరి. వెలుఁగక యుండియు మందిరములలోఁ దరతరములు నిలుచుట మనుష్యులకే చెల్లినది!

ప్రతి ప్రాతఃకాలమున స్క్విడ్ తన దీపములోని బాక్టీరియాలో నూటికి 90 మొదలు 95 పాళ్లు సముద్రములోనికి వెడలఁగొట్టును. ఇది దానధర్మమని భ్రమింపకుఁడు. అది దాని శరీరధర్మము. మిగిలినవి సాయంకాలమునకు మరల నిండును. వెడలినవి యాయొడ్డుననే నీటిలోఁ గలసియుండును. ఎవరి బిడ్డయో తెలియని పిల్ల రాత్రి గ్రుడ్డు చీల్చుకొని వచ్చి, ఆ నీటిలోనే తన దీపమును వెదకికొనును.